సీటు వేస్టు

మా మేనకోడలు ఐసీయూ నర్సు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, సినిమాల్లో నటించడానికి హైదరాబాద్ వెళ్తున్నానని ఓ ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర చెప్పింది. నాటుకోడి పులుసు వడ్డించి, అందరూ మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక చెప్పింది. నోరు నిండుగా ఉన్నవాడు వెంటనే తిట్టలేడు. అప్పుడే అనుకున్నాను, పిల్లకి టైమింగ్ ఉందని.

ముద్ద దిగాక మొదలెట్టారు.

ముందు వాళ్ల బాబాయి. "ఆ నర్సింగ్ సీటు ఇంకో పేదపిల్లకి వచ్చుంటే జీవితాంతం ప్రజలకి సేవ చేసేది. నీ వల్ల ఒక సీటు వేస్టయింది" అన్నాడు. ఆయన రియల్ ఎస్టేట్ చేస్తాడు. మూడు పంటలు పండే పొలంలో రాళ్లు పాతి రంగు జెండాలు కట్టడం ఆయన వృత్తి కాబట్టి, వేస్టంటే ఏమిటో బాగా తెలిసినవాడే. ఆయన పుత్రరత్నం మేనేజ్‌మెంట్ కోటాలో ఎంబీబీఎస్ చదివి, హౌస్ సర్జన్సీ అయిన మర్నాడే స్టెతస్కోపుని అటకెక్కించి, అశోక్‌నగర్‌లో సివిల్స్ కోచింగ్‌లో కూర్చున్నాడు. ఇప్పుడు నాలుగో దండయాత్ర నడుస్తోంది. ఆ సీటు మాత్రం వేస్టు కాలేదు. వాడు కలెక్టరైతే ఏకంగా జిల్లాకే వైద్యం చేస్తాడట.

తర్వాత పిన్ని. ఆవిడ కూతురూ నర్సే. డబ్లిన్‌లో ఐరిష్ ముసలాళ్లకి పక్కలు మారుస్తుంది, యూరోల్లో. "మన ప్రాంతం వాళ్లకి ఉపయోగపడాలని ఉండొద్దూ!" అని ఆవిడ కళ్లు ఒత్తుకుంది. ఈ మాట అంటున్నప్పుడు ఆవిడ చేతికున్న గాజులు డబ్లిన్ డబ్బుతో చేయించినవే. అవి గలగలమన్నాయి కూడా.

సేవ అనే మాట మీద నాకు చాలాకాలంగా అనుమానం. జీతం సరిగ్గా ఇచ్చే పనిని మనం ఉద్యోగం అంటాం. ఇవ్వని పనిని సేవ అంటాం. ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సుల జీతాల గోడు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2016లో కేంద్రం వేసిన నిపుణుల కమిటీ లెక్కలు కట్టి మరీ చెప్పింది. 200 పడకలు దాటిన ఆసుపత్రి ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలి. 100 దాటితే 10 శాతానికి మించి తగ్గకూడదు. 50కీ 100కీ మధ్యనుంటే 25 శాతానికి మించి తగ్గకూడదు. అంతకన్నా చిన్న నర్సింగ్ హోమైనా నెలకి 20 వేలకి తక్కువ ఇవ్వకూడదు. ఈ కాగితాన్ని కేంద్రం రాష్ట్రాలకి పంపింది. రాష్ట్రాలు అందుకున్నాయి. అందుకోవడమనేది మన పరిపాలనలో దానికదే ఒక సంపూర్ణ కార్యం. దాని తర్వాత ఇంకేదో జరగాలనుకోవడం అత్యాశ.

మా పిల్ల పనిచేసింది 300 పడకల చోట. ఎనిమిదేళ్ల అనుభవానికి జీతం 24 వేలు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం చేరిన రోజు నుంచీ ఆసుపత్రి బీరువాలో భద్రం. ఐసీయూలో పడకకొక నర్సు ఉండాలని నిబంధన. రాత్రి డ్యూటీలో నాలుగు పడకలకి ఇదొక్కతే. అంటే నలుగురు నర్సుల వేషాలూ ఒంటిచేత్తో వేసింది. బడి వార్షికోత్సవాల్లో ఏకపాత్రాభినయం అంటారే, దానికి ఇది పైమెట్టు. అయినా ఎవరూ వన్స్‌మోర్ అనలేదు. అన్నది ఒక్క సూపర్‌వైజరే. పొద్దున డ్యూటీ వాళ్లు రాలేదు, ఇంకో షిఫ్టు చేసెయ్యమని.

చప్పట్లు అసలే కొట్టలేదంటే అబద్ధమవుతుంది. 2020 మార్చి 22 సాయంత్రం ఐదింటికి దేశం యావత్తూ బాల్కనీల్లోకి వచ్చి వైద్య సిబ్బంది కోసం చప్పట్లు కొట్టింది, పళ్లేలు మోగించింది. మే 3న హెలికాప్టర్లు ఆసుపత్రుల మీద పూలు చల్లాయి. ఆ రోజుల్లోనే వరంగల్ నుంచి ఢిల్లీ దాకా ఇంటి ఓనర్లు డాక్టర్లనీ నర్సుల్నీ గదులు ఖాళీ చెయ్యమన్నారు. చప్పట్లు బాల్కనీలోంచి, గెంటివేత గుమ్మంలోంచి. మా పిల్ల కొంప ముంచింది ఆ చప్పట్లేనని నా అనుమానం. ఒకసారి ఆ చప్పుడు విన్నవాళ్లు దాన్ని మర్చిపోలేరు. కొట్టినవాళ్లు మర్చిపోయారు గానీ.

అసలు రోగం అంతకు ముందుదే. తెనాలి పక్క పల్లెటూరి హైస్కూల్లో ఎనిమిదో తరగతిలో 'కన్యాశుల్కం'లో గిరీశం వేషం వేసింది. వాళ్ల నాన్న కోటు మోకాళ్ల దాకా వేలాడుతూ, చుట్ట బదులు చుట్టిన గోధుమరంగు కాగితం పళ్లమధ్య ఇరికించుకుని, ఊరంతటినీ పదిహేను నిమిషాలు పొట్టచెక్కలయ్యేలా నవ్వించింది. స్టీలు టిఫిన్ బాక్సు బహుమతి. మా బావగారు ఆ బాక్సు తీసుకుని "బాగా చేశావమ్మా, ఇక చదువుకో" అన్నారు. తర్వాత పద్దెనిమిదేళ్లు ఆ బాక్సులోనే అన్నం పట్టుకెళ్లింది, కాలేజీకీ, డ్యూటీకీ.

గిరీశం మాట వచ్చింది కనక చెప్పేస్తాను. 1955లో వచ్చిన 'కన్యాశుల్కం' సినిమాలో లుబ్ధావధాన్లుగా వేసిన గోవిందరాజుల సుబ్బారావుగారు డాక్టరు. ప్రజానాట్యమండలిని నడిపించిన గరికపాటి రాజారావుగారు డాక్టరు. జమున ఆయన తీసిన 'పుట్టిల్లు'తోనే తెరకెక్కింది. అల్లు రామలింగయ్యగారు హోమియోపతి మందులిచ్చేవారు. ఆయన పేరు ఇప్పుడు రాజమండ్రి ప్రభుత్వ హోమియో వైద్య కళాశాల మీద ఉంది. హాస్యనటుడి పేరు వైద్యకళాశాలకి పెట్టుకుని తలెత్తుకు తిరిగే జాతి, ఒక నర్సు నటిస్తానంటే తల పట్టుకుని కూర్చుంది. సినీ కార్మికులు ఇళ్లు కట్టుకున్న చిత్రపురి కాలనీకి ఎవరి పేరుంది? డాక్టర్ ఎం. ప్రభాకర్‌రెడ్డిది. ఇక రాజశేఖర్‌గారైతే పేరు ముందు 'డాక్టర్' అన్నది ఊడకుండానే 'అంకుశం' పట్టుకుని రౌడీల్ని తరిమారు.

మరాఠీ వాళ్ల సంగతి మరీ విచిత్రం. శ్రీరామ్ లాగూ పుణేలో చెవి, ముక్కు, గొంతు సర్జన్. తూర్పు ఆఫ్రికాలో కూడా ప్రాక్టీసు చేసి వచ్చినవాడు. 1969లో, 42 ఏళ్ల వయసులో, క్లినిక్ మూసేసి పూర్తికాలం నటుడయ్యాడు. మరుసటి ఏడే 'నటసమ్రాట్' వేశాడు. మరాఠీ ప్రేక్షకులు ఆయన్ని నెత్తిన పెట్టుకున్నారు. ఒక చెవి డాక్టరు తగ్గిపోయాడని మహారాష్ట్ర చెవిటిదైపోయిన దాఖలాలేవీ లేవు.

ఇవన్నీ వాళ్ల బాబాయికి చెప్పాను. "వాళ్లు మగాళ్లు" అన్నాడు. నిజాయితీగల మనిషి. ఒక్క ముక్కలో తేల్చేశాడు.

సీటు వేస్టు సిద్ధాంతంలో ఉన్న సుఖం ఏమిటంటే, అది కొందరికే అంటుకుంటుంది. పులివెందులలో ఆసుపత్రి నడిపిన డాక్టరు ముఖ్యమంత్రి అయ్యారు. నరసరావుపేట సర్జన్ 2014లో విభజిత ఆంధ్రప్రదేశ్‌కి తొలి స్పీకర్ అయ్యారు. ఉస్మానియాలో చదివి అమెరికా వెళ్లి, డాక్టరు పరీక్షలకి చదివించే కంపెనీ పెట్టి కోట్లకి పడగెత్తిన బుర్రిపాలెం డాక్టరు 2024లో గుంటూరు ఎంపీగా గెలిచి కేంద్ర సహాయమంత్రి అయ్యారు. వాళ్ల గొప్పతనాన్ని నేను తక్కువ చెయ్యడం లేదు. దండ వేసే క్యూలో నిలబడ్డ ఒక్కడికైనా 'అయ్యా, మీ సీటు?' అని అడగాలనిపించలేదే అని చూస్తున్నానంతే. డాక్టరు అసెంబ్లీకి వెళ్తే ప్రజాసేవ. అమెరికాకి వెళ్తే ప్రతిభ. పిల్లికి బిచ్చం పెట్టకుండా బట్టతలల మీద జుట్టు నాటుతూ కూర్చుంటే స్పెషలైజేషన్. సినిమా వేషాలకోసం కృష్ణానగర్‌కి వెళ్తేనే వేస్టు. ఆ వెళ్లింది నర్సయితే వేస్టు కూడా కాదు, ఇంకో మాట అంటారు. మా ఇంట్లో ఆ మాట వంటింట్లో అన్నారు, హాల్లోకి వినపడేటంత మెల్లగా.

"ఆ ఫీల్డులో ఆడపిల్లకి రక్షణ ఉండదు."

ఇది అన్నది మా పెద్దమ్మ. పన్నెండేళ్ల కిందట, ఇదే పిల్ల నర్సింగులో చేరతానన్నప్పుడు "రాత్రి డ్యూటీలు, మగాళ్లని ముట్టుకోవడం, ఆ ఫీల్డుకి ఆడపిల్లని పంపుతారా" అన్నదీ ఈవిడే. ఫీల్డు మారింది, వాక్యం మారలేదు. నర్సు, నటి అనే రెండు మాటల్నీ మన పెద్దలు ఒకే విరుపుతో పలికేవారు. ఒకరు ఒంటిని తుడుస్తారు, ఒకరు ఒంటిని చూపిస్తారు అని. డబ్లిన్ నుంచి డబ్బు రావడం మొదలయ్యాక నర్సు మీద ఆ విరుపు పోయింది. సంస్కారం పెరిగిందని కాదు, యూరో పెరిగింది.

రక్షణ మాటకొస్తే, 2024 ఆగస్టు 9న కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆసుపత్రి సెమినార్ హాల్లో, రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరమ్మాయి శవమై దొరికింది. అత్యాచారం చేసి చంపారు. సరిగ్గా పది రోజులకి, ఆగస్టు 19న, మలయాళ సినీరంగంలో ఆడవాళ్ల బతుకెలా ఉందో చెప్పే హేమ కమిటీ నివేదిక కేరళలో బయటికొచ్చింది. మా పెద్దమ్మకి ఆ రెండో వార్త గుర్తుంది. అరుణా శాన్‌బాగ్ పేరైతే వినే ఉండదు. ఆమె ముంబై కేఈఎం ఆసుపత్రి నర్సు. 1973 నవంబరులో, పనిచేసే చోటే, వార్డు ఊడ్చేవాడు కుక్కగొలుసుతో గొంతు బిగిస్తే మెదడు దెబ్బతింది. 2015 మేలో పోయేదాకా నలభై ఏళ్లకు పైగా అదే ఆసుపత్రి మంచం మీద ఉంది. ఆ నలభై ఏళ్లూ ఒంటి మీద పుండు పడకుండా చూసుకున్నది తోటి నర్సులు. ఆ ఫీల్డు సురక్షితం, ఈ ఫీల్డు కాదు అనేవాళ్లు ఏ ఫీల్డులో నిలబడి మాట్లాడుతున్నారో కాస్త చెబితే బాగుండును.

పిల్ల వెళ్లేముందు అడిగాను, "నటన ఎక్కడైనా నేర్చుకుంటావా తల్లీ?" అని. నవ్వింది. "ఎనిమిదేళ్లు నేర్చుకున్నాను కదా మామయ్యా" అంది.

నిజమే. దాని ఆసుపత్రిలో ప్రతి ఆర్నెల్లకీ హెచ్‌ఆర్ నుంచి ఒకావిడ వచ్చి ఎన్ని పళ్లు కనపడేలా నవ్వాలో నేర్పేదట. 'తెలీదు' అనకూడదు, 'కనుక్కుని చెప్తానండీ' అనాలి. 'బతుకుతాడా అమ్మా' అని ఎవరైనా చెయ్యి పట్టుకుంటే, చెయ్యి విడిపించుకోకుండా, కళ్లలోకి చూడకుండా, 'డాక్టరుగారు రౌండ్స్‌కి వచ్చాక మాట్లాడతారండీ' అనాలి. బిల్లు కౌంటరు నుంచి అప్‌డేట్ వచ్చేదాకా ముఖంలో ఏ భావమూ ఉండకూడదు. కథకళి కళాకారులకి కూడా ఇంత కఠినమైన శిక్షణ ఉండదనుకుంటాను. ఒక రాత్రి రెండు గంటలకి పక్క పడకలో మనిషి పోయాడు. రెండుంబావుకి ఇటు పడకలోని తాత, నిద్రపట్టక, "ఏదైనా కబురు చెప్పవే మనవరాలా" అన్నాడు. చెప్పిందట, నవ్విస్తూ. అక్కడ కెమెరా ఉంది కానీ అది సీసీటీవీ.

ఇక సినిమావాళ్లు తక్కువ తిన్నారా?

'డాక్టర్ కాబోయి యాక్టర్ అయ్యాను' అన్న మాట తెలుగు ఇంటర్వ్యూల్లో ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. అందులో సగంమంది ఎంసెట్ బైపీసీ దగ్గరే ఆగినవాళ్లు. నిజంగా పట్టా ఉన్నవాళ్లూ లేకపోలేదు. సాయిపల్లవి జార్జియా దేశంలో టిబిలిసీలో వైద్యం చదివింది. చదువు మధ్యలోనే 'ప్రేమమ్' చేసింది. గెలిచినవాళ్లు చెప్పినప్పుడు ఆ మాట ఎంత ముద్దుగా ఉంటుందో! యాంకరమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంటుంది. అదే మాట ముప్పైయొకటో ఏట, 24 వేల జీతం వదిలి, కృష్ణానగర్‌లో ఐదుగురు పంచుకునే గదిలో చాప మీద కూర్చుని అన్నామనుకోండి, ఎదుటివాడు బుగ్గన కాదు, నుదుటిన చెయ్యి పెట్టుకుంటాడు. కల అనేదానికి మన దగ్గర ముందస్తు అనుమతి లేదు. నెగ్గాక రెగ్యులరైజ్ చేస్తారు, అక్రమ కట్టడంలాగా.

ఆ పైన మన తెర నీతి చూడండి. 2004లో ఒక రౌడీ దొంగదారిన మెడికల్ కాలేజీలో దూరి, అందర్నీ కావలించుకుని రోగాలు తగ్గిస్తుంటే, 'శంకర్‌దాదా ఎంబీబీఎస్' అని రాష్ట్రం ఈలలేసింది. పట్టా లేనివాడు డాక్టరైతే ఈల. పట్టా ఉన్నది నటి అయితే గోల. అంతకు ముందేడాది 'ఠాగూర్'లో కార్పొరేట్ ఆసుపత్రి శవానికి వైద్యం చేసి బిల్లు వేసే సీనుకి హాళ్లు దద్దరిల్లాయి. చప్పట్లు కొట్టినవాళ్లంతా మర్నాడు ఒంట్లో బాగోకపోతే అలాంటి ఆసుపత్రికే వెళ్లారు. వేరే ఎక్కడికి వెళ్తారు పాపం.

మా పిల్లకి మూడు నెలల తర్వాత మొదటి కబురొచ్చింది. కోఆర్డినేటరు ఫోన్ చేసి అడిగిన మొదటి ప్రశ్న, "నర్సు యూనిఫామ్ మీ సొంతదేనా?" సొంతదే అంది. "సూపర్. కాస్ట్యూమ్ ఖర్చు మిగిలింది." అలా, నర్సు ఉద్యోగం మానేసి సినిమాల్లోకి వెళ్లిన మా మేనకోడలు తొలి వేషం నర్సు. డైలాగు లేదు. హీరోగారి తండ్రి పోతుంటే డాక్టరు వెనకాల నిలబడాలి.

నిలబడి ఊరుకుంటే బాగుండేది. మానిటర్ మీద గీత తిన్నగా అయిపోయింది, డాక్టరు వేషధారి రెండు ఇస్త్రీపెట్టెల్లాంటివి ఎత్తి "షాక్!" అన్నాడు. దీని ప్రాణం ఆగలేదు. గీత తిన్నగా ఉంటే షాక్ ఇవ్వరండీ, లయ తప్పి కొట్టుకునే గుండెకే ఇస్తారు, ఆగిపోయినదానికి ఛాతీ నొక్కాలి, నిమిషానికి వంద నుంచి నూటఇరవై సార్లు, ఐదు సెంటీమీటర్ల లోతున, అంది. యూనిట్ అంతా తిరిగి చూసింది. అసిస్టెంట్ డైరెక్టరు కుర్రాడు మంచివాడే. ఓపిగ్గా చెప్పాడట. "మేడమ్, షాక్ కొడితే బాడీ ఎగరాలి. ఎగిరితేనే ఆడియన్స్ ఏడుస్తారు. మీరన్నట్టు నొక్కితే ఆర్టిస్టు నిజంగానే పోతాడు." ఆ చివరి వాక్యం వరకూ వాడిది కరెక్టేనని ఇది ఒప్పుకుంది. తెలుగు సినిమాలో వైద్యం రోగికోసం కాదు, బాల్కనీ కోసం. మన బాల్కనీల సంగతి 2020లో చూశాం కదా.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆసుపత్రి ఇంకా ఇవ్వలేదు. ఇక్కడ మొదటి వేషం డబ్బులూ ఇంకా రాలేదు. రెండు వైపులా 'వచ్చే సోమవారం' అంటున్నారట. ఆ సోమవారం ఒకటే అయ్యుండాలి.

రెండో వేషం పోయిన నెల్లో దొరికింది. ఈసారి పదోన్నతి. నర్సు కాదు, పేషెంటు. కచ్చితంగా చెప్పాలంటే పోయిన పేషెంటు. పొద్దున ఏడింటి నుంచి సాయంత్రం దాకా ఐసీయూ సెట్లో మంచం మీద కదలకుండా పడుకోవాలి. ఎనిమిదేళ్లు నిజం ఐసీయూలో చేసినా ఒక్క రాత్రి నడుం వాల్చడానికి దొరకని మంచం, ఇక్కడ ఏసీ వేసి, దుప్పటి కప్పి, డబ్బులిస్తామని చెప్పి మరీ ఇచ్చారు. రెండు షాట్ల మధ్య నిజంగానే నిద్రపోయిందట. డైరెక్టరు మానిటర్లో చూసి, "ఆ అమ్మాయి భలే నేచురల్‌గా చేస్తోందయ్యా" అన్నాడట.

మధ్యాహ్నం దుప్పటి కింద ఫోన్ మోగింది. విజయవాడ నుంచి వాళ్ల బాబాయి. ఛాతీలో నొప్పొస్తే కొడుకు డాక్టరు కదా అని అశోక్‌నగర్‌కి ఫోన్ చేశాడు. వాడు మాక్ టెస్టులో ఉన్నానన్నాడు. పెద్దాసుపత్రిలో చేర్చారు, రెండు స్టెంట్లు వేశారు, ఇప్పుడు బాగానే ఉన్నాడు, బిల్లు చూశాక మళ్లీ నొప్పొచ్చింది.

"అమ్మా, నీకు ఇక్కడ తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారేమో, ఒక్కమాట చెప్పవే. బెల్ కొడితే నర్సులు పలకట్లేదు. ఒకే పిల్ల అటూ ఇటూ పరిగెడుతోంది. ఇంత డబ్బు తీసుకుంటూ ఇదేం సేవే?"

"ఆ పిల్ల పేరేంటి బాబాయ్?"

"పేరా? ఏమో. నర్సు."

"బ్యాడ్జి మీద ఉంటుంది, చదవండి. పేరు పెట్టి పిలిచి, రాత్రి ఏమన్నా తిన్నావా అని అడగండి. మిగతాది..."

"ఎవరండీ అది?" అని అసిస్టెంట్ డైరెక్టరు కేక. "షాట్ రెడీ! శవం ఫోన్ పెట్టెయ్యాలి!"